పోటునీళ్ళకి దారి

మాది తాళ్ళరేవు మండలంలో ఒక చిన్న ఊరు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే బస్సులో కోరంగి దాటాక దిగి ఎడమ చేతి వైపు నడిస్తే ముందు కొబ్బరితోటలు, తర్వాత వరిచేలు, ఆ తర్వాత తెల్లగా చవుడు తేలిన బీడు, దాని వెనక మడ, అంటే ఉప్పునీళ్ళలో పెరిగే అడవి. మా ఊళ్ళో "అడవికెళ్ళొస్తా" అంటే మడకెళ్ళొస్తానని అర్థం. అడవంటే కొండలూ పులులూ అని నాలుగో తరగతి వాచకంలో చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. నాకు తెలిసిన అడవిలోకి రోజుకి రెండుసార్లు సముద్రం వచ్చి వెళ్ళేది.

ఆ అడవిని నాకు చూపించింది మా మామ్మ. ఆదివారం వస్తే మామ్మ కట్టెలకి బయల్దేరేది, నేను వెంటపడేదాన్ని. ఎన్నింటికి బయల్దేరాలో, పోటు అంటే సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే వేళ ఎప్పుడో తిథి చూసి చెప్పేది. "అమావాస్యకీ పున్నానికీ పెద్ద పోటు. అష్టమికి నీరసంగా వస్తది. రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుద్ది" అని వేళ్ళ మీద లెక్క కట్టేది. గడియ అంటే 24 నిమిషాలు, రెండు గడియలంటే 48. చాలా ఏళ్ళ తర్వాత కాలేజీలో లెక్చరర్ గారు, చంద్రుడి వల్ల పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని బోర్డు మీద బొమ్మ వేసి చెబుతుంటే నాకు మామ్మ వేళ్ళే కనిపించాయి. మామ్మ ఏనాడూ బడి గుమ్మం ఎక్కలేదు.

పాటుతో లోపలికి వెళ్ళి, పోటుతో ఇంటికి రావాలి. పాటంటే నీళ్ళు సముద్రం వైపు తీసుకుపోయే వేళ. అలా వెళ్తే దోనెకి గెడ వెయ్యక్కర్లేదు, పోయేటప్పుడూ నీళ్ళే తీసుకుపోతాయి, వచ్చేటప్పుడు కట్టెల బరువుతో సహా నీళ్ళే తెచ్చి రేవులో దింపుతాయి. ఒక్క అరగంట తప్పితే మాత్రం ఎదురునీటికి గెడ వేసి వేసి రెక్కలు పడిపోయేవి.

మడ బురదలో నడవడం మామ్మ దగ్గరే నేర్చుకున్నాను. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ నేలలోంచి వేలెడంత పుల్లలు వేలకి వేలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి వేళ్ళు. ఆ చిక్కటి బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు తన వేరుని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. "వాటిని తొక్కకే. అది దాని ముక్కు" అనేది మామ్మ. తెల్లమడ ఆకు కోసి నాలిక్కి రాసుకోమనేది. ఉప్పగా ఉండేది. ఉప్పునీళ్ళు తాగి, అక్కర్లేని ఉప్పుని ఆకు మీదికి కక్కేస్తుందా చెట్టు. పొన్నచెట్టు గింజ కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, సన్నటి మునక్కాయలా కిందికి వేలాడుతుంది. పాటు వేళ తెగి పడితే సూటిగా బురదలో దిగబడి అక్కడే నిలబడిపోతుంది. నీళ్ళున్నప్పుడు పడితే తేలుకుంటూ పోయి ఇంకెక్కడో నాటుకుంటుంది. "కడుపులో పెంచి మరీ కంటది చూడు" అని మామ్మ ఆ కాయని చేత్తో నిమిరేది. తిల్లచెట్టు దగ్గరికి మాత్రం నన్ను రానిచ్చేది కాదు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది. తిల్ల కొట్టాల్సి వస్తే గాలివాటం చూసుకుని, ముఖం పక్కకి తిప్పి, కొంగు అడ్డం పెట్టుకుని కొట్టేది.

మామ్మ ఎండుకట్టెలే తెచ్చేదని చెప్పుకోవాలని ఉంటుంది నాకు. కానీ అది నిజం కాదు. పచ్చివి కూడా కొట్టేది. మామ్మొక్కతే కాదు, మా వీధి ఆడవాళ్ళందరూ అంతే. పొయ్యి మండాలి, వానాకాలానికి నిల్వ ఉండాలి, చేపల్ని పొగబెట్టాలి, ఇంటి చుట్టూ దడి కట్టాలి, గొడ్లకి మడాకు వెయ్యాలి. అన్నిటికీ అదే అడవి. 1978లో ఆ మడనంతా, 235 చదరపు కిలోమీటర్లు, కోరింగ అభయారణ్యం అన్నారు. మాకు తెలిసింది మాత్రం ఫారెస్టు వాళ్ళు కనిపిస్తే కత్తి దాచెయ్యాలని. ఒకసారి మామ్మ కత్తి లాక్కున్నారు. మామ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. కత్తి పోయినందుకు కాదు, "నేను దొంగనంటవే?" అని అడిగింది నన్ను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఏం చెప్పాలో తెలియలేదు.

*

ఉప్పునీళ్ళ గురించి ఇంత చెప్పాను, మంచినీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా బతుకంతా ఆ రెండు నీళ్ళ మధ్యే ఉండేది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ దొర పేరు తలవని ఇల్లు డెల్టాలో ఉండదు. మా ఇంట్లోనూ తలిచేవాళ్ళు. కాకపోతే మాది శివారు. ఆ కాలవ నీళ్ళు పైనున్న ఊళ్ళన్నీ తడిపి, ఆఖరున మిగిలినవి మాకొచ్చేవి. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కాబట్టి, కట్టేసే లోపల ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. అదొక యజ్ఞంలా జరిగేది. మగవాళ్ళు రాత్రుళ్ళు కాలవ గట్టు మీద లాంతర్లు పట్టుకుని పడుకునేవాళ్ళు, పైవాళ్ళు తూము తిప్పేస్తారేమోనని. చెరువు నిండాక ఆడవాళ్ళ పెత్తనం మొదలయ్యేది. అందులో కాళ్ళు కడక్కూడదు, గొడ్డుని దింపకూడదు, బిందె అడుగు కడిగి గానీ ముంచకూడదు. తెచ్చిన నీళ్ళలో ఇండుపగింజ అరగదీసి కలిపితే తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగేది. ఆ చెరువుతో జూన్ దాకా నెట్టుకొచ్చేవాళ్ళం.

మళ్ళీ వానాకాలంలో గోదారి ఎర్రబడి దిగేది. వరద రోజుల్లో మా ఉప్పుకాలవ నీళ్ళు కూడా తియ్యబడేవి. మామ్మ దోనెలోంచి వంగి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, "వచ్చేసిందే గోదారి" అని నవ్వేది. మడకి ఉప్పునీళ్ళే చాలని అందరూ అనుకుంటారు. మామ్మ అలా అనుకోలేదు. ఏడాదికోసారి మంచినీళ్ళు తాగితేనే మడ నిగనిగలాడుద్దని, ఎర్రనీరు తెచ్చిన మట్టి పడితేనే కొత్త మొక్క లేస్తదని అనేది. తర్వాత రోజుల్లో చదువుకున్నవాళ్ళు నాకు చెప్పిందీ అదే. మంచినీరు, ఒండ్రు, పోటు, ఈ మూడూ కలిసే చోటే మడ బాగా పెరుగుతుంది.

1986 ఆగస్టు వరదప్పుడు నాకు ఏడేళ్ళు. గట్లు తెగి డెల్టా అంతా నీళ్ళలో నిలబడ్డ ఏడాది అది. నాకు గుర్తున్నదల్లా నాన్న భుజం మీద కూర్చుని చూసిన ఎర్రటి నీళ్ళు, వాటి మీద తేలుతూ పోతున్న గడ్డివాము.

*

రొయ్యల కాలం ఎలా వచ్చిందో కూడా నాకు బాగా గుర్తు, ఎందుకంటే దాని మొదట్లో నా చేతులూ ఉన్నాయి.

అప్పటికి రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలు ఇంకా సరిపడా లేవు. చెరువుల వాళ్ళకి టైగర్ రొయ్యపిల్ల కావాలి, అది మడ కాలవల్లో దొరుకుతుంది. బడి నుంచి రాగానే పిల్లలమందరం దోమతెర గుడ్డతో కుట్టిన వలలు పట్టుకుని మోకాలి లోతులో దిగేవాళ్ళం. వలలో పడ్డదాన్ని తెల్ల పింగాణీ పళ్ళెంలో నీళ్ళతో పోస్తే అందులో సవాలక్ష కదులుతుండేవి. చేపపిల్లలు, పీతపిల్లలు, రకరకాల రొయ్యపిల్లలు, అన్నీ గాజుముక్కల్లా ఉండేవి. టైగర్ పిల్ల మాత్రం ఒంటి పొడుగునా గోధుమరంగు గీతతో, చీపురుపుల్ల ముక్కలా నిటారుగా ఉండేది. దాన్ని ఆలిచిప్పతో జాగ్రత్తగా ఎత్తి తపేలాలో వెయ్యాలి. పిల్లకి ఇన్ని పైసలని లెక్క. ఒక్కోసారి పళ్ళెం మొత్తానికి ఒకటో రెండో ఉండేవి. మిగిలినదంతా గట్టు మీద పారబోసేవాళ్ళం. నిమిషంలో చీమలు పట్టేవి.

ఆ పారబోసిన వాటిలో ఎన్ని పండుగప్పలు, ఎన్ని బొంతలు, ఎన్ని మండపీతలు ఉన్నాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మామ్మ ఒకసారి చూసి, "కడుపు తీసేస్తున్నారే" అంది. నాకు అర్థం కాలేదు. ఆ డబ్బులతోనే నాకు మొదటిసారి కొత్త జామెట్రీ బాక్సు కొన్నారు.

1991 వచ్చేసరికి మా వైపు పొలాలన్నీ చెరువులైపోయాయి. నాన్న కూడా ఇద్దరితో కలిసి మడ అంచున ఒక చెరువు తవ్వించాడు. శివారు పొలంలో వరి ఎలాగూ గిట్టదు, పిల్లల చదువులు ఉన్నాయి, అందరూ చేస్తున్నారు. నాన్నని తప్పుపట్టేంత సుఖంగా మా ఇల్లు ఎప్పుడూ లేదు. కానీ ఆ చెరువు గట్టు ఒక పిల్లకాలవని అడ్డంగా మూసేసింది. దోనె కూడా పట్టని కాలవ అది. మామ్మ ఆ రోజు గట్టు మీదికి వెళ్ళి నాన్నతో, "ఒరే, ఇది మడకి గొంతురా. దీన్ని నొక్కితే ఎనకాల ఉన్నదంతా పోద్ది" అంది. నాన్న "అమ్మా, నువ్వూరుకో" అన్నాడు.

మొదటి పంట బాగా వచ్చింది. ఇంటికి కలర్ టీవీ వచ్చింది. గట్టు వెనక మడకి ఆ ఏడాది ఆకులు పసుపురంగుకి తిరిగి పండిపోయాయి. వానకి పడ్డ నీళ్ళు పోవడానికి దారి లేదు, సముద్రపు నీళ్ళు రావడానికి దారి లేదు. ఊపిరి వేళ్ళన్నీ నెలల తరబడి కదలని నీళ్ళలో మునిగి ఉండిపోయాయి. రెండో ఏడాదికి అవి ఎండుపుల్లలు. ఊరంతా వాటిని కొట్టుకుపోయింది, మేమూ కొట్టుకున్నాం. ఆ తర్వాత ఉత్త బీడు మిగిలింది.

మంచినీళ్ళ చెరువు కూడా అప్పుడే పోయింది. చుట్టూ ఉప్పునీళ్ళ చెరువులుంటే మధ్యలో తీపినీళ్ళు ఎన్నాళ్ళుంటాయి? మొదట అమ్మ గమనించింది, టీ పెడితే పాలు విరిగిపోతున్నాయని. తర్వాత పప్పు ఉడకడం మానేసింది. పైఊరి నుంచి సైకిల్ మీద డబ్బాలతో నీళ్ళు కొనుక్కోవడం మా ఊళ్ళో అప్పుడే మొదలు. చెరువు ఉన్న ఊళ్ళో నీళ్ళు కొనడమేమిటని మామ్మ చాలాకాలం ఆ డబ్బా నీళ్ళు ముట్టలేదు.

1994, 95ల్లో వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చింది. ఒక తెల్లవారుజామున నాన్న టార్చిలైట్ వేసి చూస్తే రొయ్యలన్నీ గట్టు వారకి వచ్చి తేలుతున్నాయి. పెంకు మీద తెల్లటి చుక్కలు, సున్నం చిమ్మినట్టు. మూడు రోజుల్లో చెరువు ఖాళీ. ఫీడ్ బాకీ, సీడ్ బాకీ, వడ్డీ. అరెకరం అమ్మారు. టీవీ కూడా పోయింది. అప్పులు తీరడానికి పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళలో నాన్న ఆ చెరువు పేరెత్తగా నేను వినలేదు.

*

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకో నాలుగు రోజులు. నేను ఇంటర్ రెండో ఏడు. పొద్దుటి నుంచీ ఆకాశం రాగిబిందె రంగులో ఉంది. మధ్యాహ్నానికి మామ్మ పెదనాన్ననీ నాన్ననీ కూర్చోనివ్వలేదు. "రేవులో వద్దు. పడవలు లోపలికి తీస్కెళ్ళి పొన్నచెట్లకి కట్టండి" అని వెంటపడింది. వీధిలో మిగిలినవాళ్ళకీ చెప్పింది. కొందరు విన్నారు.

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయలేను. కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు తుపాకులు పేలినట్టు వరసగా వినిపించింది. మేమందరం బడి భవనంలో ఒకరి మీద ఒకరం పడి ఉన్నాం. తెల్లారి చూస్తే ఊళ్ళో పాకన్నది లేదు. కోనసీమలో కొబ్బరితోటలన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపుకి పడుకున్నాయి. భైరవపాలెం, బలుసుతిప్ప నుంచి రొయ్యల వేటకి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. మా వీధిలోనే ఇద్దరు. వాళ్ళ భార్యలు కార్తీకమాసం అంతా రేవులోనే కూర్చుని ఉండేవాళ్ళు.

రేవులో కట్టిన పడవలు ముక్కలయ్యాయి. లోపల పొన్నచెట్ల మధ్య కట్టినవి గీతలు పడి, బురద నిండి, అక్కడే ఉన్నాయి. ఇది నేను కళ్ళారా చూశాను. మా చెరువు గట్టు మూడు చోట్ల తెగింది. ఆ తర్వాత నెల, డిసెంబరు 11న, తీరంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పేపర్లో చదివి నాన్నకి వినిపించాను. నాన్న మాట్లాడలేదు.

కోరంగికి ఉప్పెన కొత్త కాదు. ఒకప్పుడు అది ఓడలు కట్టే పెద్ద రేవు. అక్కడి నుంచి ఎంతమంది రంగూన్ వెళ్ళారంటే బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. 1789లో వచ్చిన ఉప్పెన, మళ్ళీ 1839లో వచ్చిన ఉప్పెన ఆ రేవుని తుడిచిపెట్టాయి. 'సైక్లోన్' అనే మాటని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కూడా 1789 నాటి కోరంగి విలయం గురించి రాశాడు. ఇవన్నీ మా సోషల్ మాస్టారు చెప్పారు. మామ్మకి వాటి సంవత్సరాలు తెలియవు. వాళ్ళ నాయనమ్మకి ఆవిడ నాయనమ్మ చెప్పిందని ఒకే మాట చెప్పేది: "మూడు అలలొచ్చాయంట. మూడోదానికి ఊరు లేదంట."

*

1999 ఎండాకాలం సెలవులకి డిగ్రీ నుంచి ఇంటికొచ్చేసరికి ఊళ్ళో కొత్త మాటలు వినిపించాయి. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు అటవీశాఖతో కలిసి చచ్చిపోయిన మడని మళ్ళీ లేపుతున్నారట. మట్లపాలెం వైపు అప్పటికే పని మొదలైంది. ఊరూరా కమిటీలు వేస్తున్నారు, ఇంటికొక ఆడమనిషి, ఒక మగమనిషి సభ్యులు.

మా ఊళ్ళో మొదటి మీటింగ్ రామాలయం అరుగు మీద. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక. వచ్చినాయన, చదువుకున్న కుర్రాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు. పచ్చికొమ్మ కొట్టకూడదు, గొడ్లని తోలకూడదు, మనమే కాపలా ఉండాలి అన్నాడు. అందరూ తలూపారు. వెనక నుంచి మామ్మ లేచి, "మరి పొయ్యిలోకేంటి బాబూ?" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ కుర్రాడు నోట్‌బుక్ మూసేసి, ముందు వరస దాటుకుని వచ్చి మామ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "మీరే చెప్పండి మామ్మగారూ" అన్నాడు. ఆ ఒక్క పనితో ఆ మీటింగ్ మీటింగయ్యింది. ఎండుకట్టె తెచ్చుకోవడానికి రోజులు కేటాయించారు. తక్కువ కట్టెతో మండే పొయ్యిలు వచ్చాయి. ఆ రోజుల్లోనే దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లూ వచ్చాయి. మా మామ్మ కత్తికి దొంగ అన్న మాట లేకుండా పోయింది.

చచ్చిపోయిన నేల ఎందుకు లేవడం లేదో ఆ కుర్రాడు బీడులో నిలబడి వివరించాడు. చెట్లు పోయాక ఎండ నేరుగా బురద మీద పడుతుంది. బురద ఎండి కిందికి కుంగుతుంది. చుట్టూ ఎత్తు, మధ్యలో పల్లం. పెద్ద పోటుకి వచ్చిన నీళ్ళు ఆ పల్లంలో చిక్కుకుని బయటికి పోలేక అక్కడే ఆవిరైపోతాయి. ఉప్పు మిగులుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. సముద్రాన్ని మించిన ఉప్పు పేరుకున్న నేలలో మడగింజ కూడా బతకదు. మామ్మ అంతా విని, "గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి ఎండలో పెట్టినట్టేగా" అంది. "అంతేనండి" అన్నాడు.

మందు కూడా అంత తేలికైనదే. ముందు మొక్కలు నాటడం కాదు, నీళ్ళకి దారివ్వడం. కడలి కాలవ నుంచి బీడులోకి ఒక పెద్దకాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలవలు, పండుగప్ప వెన్నుముల్లులా. పోటు వస్తే ప్రతి మూలకీ నీళ్ళు చేరాలి, పాటు వస్తే చుక్క మిగలకుండా పోవాలి. అంతే.

ఆ కాలవల తవ్వకానికి నేనూ కూలికి వెళ్ళాను. పాటు వేళలో మాత్రమే పని, కాబట్టి రోజూ టైము మారేది. మామ్మ తిథి లెక్కలు మళ్ళీ ఊరందరికీ పనికొచ్చాయి. మగవాళ్ళు పారలతో కోస్తే ఆడవాళ్ళం తట్టలతో మోసేవాళ్ళం. ఆ బురద తట్ట వదిలేది కాదు, కింద వెయ్యాలంటే చేత్తో గీకాలి. పై పొర ఉప్పు పెట్టిన అప్పడంలా పెళుసుగా విరిగేది. దాని కింద నల్లటి బురద, కుళ్ళిన గుడ్డు కంపు. సాయంత్రానికి కాళ్ళ మీద చర్మం తెల్లగా పగిలేది. నాన్న కూడా వచ్చాడు. పాత చెరువు గట్టు ఉన్న వైపే పని అడిగి తీసుకున్నాడు. తన చేత్తో కట్టించిన గట్టుని తన పారతోనే కోశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ మాత్రం మజ్జిగ చెంబు నాన్నకి ముందుగా అందించింది.

పెద్దకాలవ మొగ ఆఖరున తెరవాలి. ఆ రోజు పున్నమి తర్వాత రోజు. అందరం గట్టు మీద నిలబడ్డాం. మొగ దగ్గర మిగిలిన అడుగు మట్టిని ఇద్దరు పారలతో తోసేశారు. ముందు ఒక నాలికంత నీళ్ళు వచ్చాయి, ముందర నురగ, ఎండుటాకులు, చీపురుపుల్లలు తోసుకుంటూ. తర్వాత ఆ నీళ్ళు మొదటి పిల్లకాలవ దగ్గర ఒక్క క్షణం ఆగి, రెండుగా చీలి, పక్కకి తిరిగాయి. ఆ తర్వాత రెండోది, మూడోది. పిల్లలు నీళ్ళతో పాటు గట్టెంట పరిగెత్తారు. నీళ్ళతోపాటే గోరంత పీతపిల్లలు కొట్టుకొచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా చీమ కూడా తిరగని నేల అది. మామ్మ పిల్లకాలవలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. "ఇంకా చేదే. కడగనీ. రెండు వానలు కడగనీ" అంది.

నిజంగానే ఒక వానాకాలం కడగనిచ్చారు. ఆ తర్వాత తెల్లమడ కాయలు ఏరుకొచ్చి, కవర్లలో బురద నింపి నారు పెంచి, కాలవ ఏటవాలు మీద మధ్యలో నాటాం. మరీ పైన నాటితే పోటు అందదు, మరీ కింద నాటితే ఎప్పుడూ నీళ్ళలోనే. మొదటి ఏడాది నాటినవాటిలో చాలా భాగం గేదెలు తినేశాయి. ఆ గేదెల గొడవ ఊరిని రెండు ముక్కలు చేసింది. జరిమానా వెయ్యాలని ఒకరు, మేతకి చోటు చూపించకుండా జరిమానా ఏమిటని ఒకరు. నాలుగు మీటింగులు పట్టింది. రెండో ఏడాది నాటినవి మోకాలెత్తు లేచాయి. ఏడాదికో రెండేళ్ళకో కాలవల్లో పూడిక తియ్యాలి, లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ పని మెరిసే పని కాదు, ఫోటోలు రావు, కానీ మడని బతికించింది అదే.

*

మామ్మ 2009లో పోయింది. గ్యాస్ స్టవ్ మీద అన్నం వండేది కానీ, చేపల పులుసు మాత్రం ఆఖరు దాకా కట్టెల పొయ్యి మీదే. అన్నీ ఎండుకట్టెలే.

నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఆఫీసులో ఎవరో కోరింగ వెళ్ళొచ్చామని, చెక్కవంతెన మీద నడిచామని ఫోటోలు చూపిస్తారు. సంతోషంగానే ఉంటుంది. చూడాలి, అందరూ చూడాలి. 2021 నాటి అటవీ నివేదికలో ఆంధ్రప్రదేశ్ మడ 405 చదరపు కిలోమీటర్లని చదివినప్పుడు, అందులో మా బీడు ముక్క కూడా ఎక్కడో కలిసి ఉంటుందని గర్వంగా అనిపించింది. కానీ దిగులు కూడా ఉంది. గోదారి మీద పైన కట్టిన ప్రాజెక్టుల్లో ఒండ్రు ఆగిపోతోంది. కిందికి వచ్చే మట్టి తగ్గింది. మట్టి రాకపోతే డెల్టా అంచుని సముద్రం కొరుక్కుంటూ పోతుంది. కాకినాడకి ఉత్తరాన ఉప్పాడలో అల ఇళ్ళనీ రోడ్డునీ ఎలా మింగుతోందో చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అక్కడి కారణాలు వేరే కూడా ఉన్నాయి, అయినా ఆ తీరం చూసినప్పుడల్లా మామ్మ అన్న ఎర్రనీరే గుర్తొస్తుంది. ఆనకట్ట తలుపుల దగ్గర నీళ్ళ లెక్క వేసేటప్పుడు వరికి ఇంత, ఊళ్ళకి ఇంత, ఫ్యాక్టరీలకి ఇంత అని వేస్తారు. సముద్రంలోకి పోయేది వృథా అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దీపావళి రోజుల్లో యానాం రేవులో చీరమేను అనే సన్నటి చేపలు కొనడానికి ఎగబడే మనమే, ఆ చీరమేను ఏ నీళ్ళలో పుడుతుందో అడగం.

పోయిన మాఘమాసంలో ఊరెళ్ళాను. నాన్నకిప్పుడు డెబ్భై నాలుగు. మోకాళ్ళు సహకరించవు. అయినా అడవికి పోదామన్నాడు. బీడు ఉన్నచోట చెట్లు నా తల మీదికి రెండింతలున్నాయి. కింద ఊపిరి వేళ్ళు, వాటి మధ్య బురదలో గెంతే చేపలు. మేము వెళ్ళేసరికి పాటు ఆఖరు. పాత గట్టు తెగిన చోట ఒక పిల్లకాలవ మొగ పూడిపోయి ఉంది, ఎవరూ ఇంకా పూడిక తియ్యలేదు. లోపల నీళ్ళు నిలిచి, మీద తెట్టు కట్టింది.

నాన్న చెప్పులు విప్పాడు. నా భుజం పట్టుకుని మెల్లిగా దిగి, కాలితో ఆ మట్టిని ఒకసారి అటూ ఇటూ కదిపి చూశాడు. తర్వాత వంగి, రెండు చేతులతో తోడడం మొదలుపెట్టాడు. నేనూ దిగాను. నిలిచిన నీళ్ళు సన్నగా బయటికి కదిలాయి.

"ఎంతసేపట్లో పోటు?" అన్నాడు నాన్న.

వేళ్ళ మీద లెక్క కట్టాను. ఆ రోజు తదియ.

"గంటలో వచ్చేస్తుంది నాన్నా."

"అయితే తొందరగా తియ్యి" అన్నాడు.